ముల్లు నిజం చెప్పిన రోజు

పెదబాబు తన బండిలో డీజిల్ ఎంతుందో తెలుసుకోవాలంటే ట్యాంకులోకి సన్న గొట్టం దించి, పైకి లాగి, తడి ఎక్కడిదాకా అంటిందో చూసుకోవాలి. నాలుగేళ్లుగా అదే పద్ధతి. పద్దెనిమిదేళ్ల నాటి ఆ పికప్ వ్యానులో మీటర్లన్నీ ఉన్నాయి గానీ ఒక్కటీ మాట మీద నిలబడదు. హెడ్‌లైటు వేస్తే ఖాళీ ట్యాంకు నిండుగా ఉన్నట్టు చూపిస్తుంది. ఇండికేటరు వేస్తే ముళ్లన్నీ తైతక్కలాడతాయి. ఇంజను వేడి చూపించే ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీత ఎక్కి కూర్చుంటుంది. డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక్కటి చరిస్తే దిగుతుంది. కిలోమీటర్ల అంకె 2,86,419 దగ్గర ఆగిపోయి మరి కదల్లేదు.

చోడవరంలో పని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ చెయ్యి పెట్టారు. ఒకరు ఫ్యూజులు మార్చారు. ఇంకొకరు ట్యాంకులో డీజిల్ మట్టం చూపే బెండు మార్చారు. మరొకరు ఇంజను మీది సెన్సరు మార్చారు. ముళ్ల తీరు మాత్రం మారలేదు.

ఆ ఇంజను ఇప్పటికే రెండుసార్లు వేడెక్కి, లోపల బిగుసుకుని పట్టేసింది. రెండోసారి బాగుచేసిన మేస్త్రీ "ఇంకోపాలి పట్టేసిందంటే తుక్కుకే" అని తేల్చేశాడు. మాడుగుల వైపు నుంచి కూరగాయలు తోలడం తప్ప యాభై ఎనిమిదేళ్ల పెదబాబుకు వేరే పని రాదు. అందుకే రోజూ బయల్దేరే ముందు రేడియేటరులో సీసాడు నీళ్లు పోస్తాడు. రోజూ పడుతున్నాయంటే ఎక్కడికి పోతున్నాయని అడగలేదు. ముసలి బండి, తాగదేటి అనుకునేవాడు.

మంగళవారం పొద్దున ఆటో ఎలక్ట్రీషియన్ గౌరీశంకర్ డ్యాష్‌బోర్డు విప్పి, వెనక తల దూర్చి గంటన్నర వెతికాడు. మీటర్లన్నిటికీ కలిపి ఉన్న ఎర్తు తీగ బోల్టు దగ్గర తుప్పు పట్టి, ఒక్క పోగు మీద వేలాడుతోంది. తుప్పు గీకి కొత్త తీగ బిగించాడు. కిలోమీటర్ల కేబులూ మార్చాడు. హెడ్‌లైటు వేసి చూపించాడు. ముళ్లు కదల్లేదు.

"సూసేవా బాబాయ్? ఇకమీద అదేటి సెప్తే అదే నమ్ము."

"నాలుగేళ్లు అబద్దాలాడిందిరా. ఒక్క తీగకి హరిశ్చంద్రుడైపోద్దేటి?"

"అయిపోద్ది. ఎల్లు, ఎల్లు."

కూరగాయలు దగ్గరుండి తూయించే భార్య అచ్చియ్యమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, అప్పటికే ఆలస్యమైందని పెదబాబు నేరుగా మాడుగుల దారి పట్టాడు. దారిలోని వడ్డాది ఊరు ఇంకా రాలేదు.

"మావా, ముల్లు ఎరుపెక్కింది."

"ఎక్కుద్ది. దానికది అలవాటే."

చరిచాడు. దిగలేదు. ఇంకా గట్టిగా చరిచాడు. దిగలేదు. హెడ్‌లైటు వేసి ఆర్పాడు. ముల్లు ఉలకలేదు.

"శంకరు నమ్మమన్నాడు కదేటి?"

"ఆడే సెడగొట్టి పంపించేడే!"

బండి నడుపుతూనే ఫోన్ చేశాడు. "ఒరే శంకరూ, ఏటి సేసేవురా? ముల్లు దిగనంటంది."

"కొట్టి సూసేవా?"

"సెయ్యి నొప్పెట్టేలా కొట్టేను."

"లైటేస్తే కదిలిందా?"

"లేదు."

"బాబాయ్, బండాపు. అది నిజం సెప్తంది. ముందు ఆపు!"

బ్రేకు మీదకు కాలు వెళ్లేలోపే ఇంజను ఒకసారి గరగరమని, బండిని కుదిపి ఆగిపోయింది. పెదబాబు దిగి బానెట్ ఎత్తాడు. రేడియేటరు కింది గొట్టానికి పగులు. దాని చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంది. నిన్నామొన్నటి పగులు కాదు.

"పొద్దున నీల్లు పోసేవా?" అడిగింది అచ్చియ్యమ్మ.

శంకర్ దగ్గరకు పోయే తొందరలో పోయలేదు. సీసా నిండుగా సీటు వెనకే ఉంది. పెదబాబు లోపలికెక్కి తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్కుమంది. ఇంజను తిరగలేదు.

మీటర్లు మాత్రం వెలిగాయి. డీజిల్ సగానికి చూపిస్తోంది, పొద్దున గొట్టంతో చూసుకున్నంతే. వేడి ముల్లు ఇంకా ఎర్రగీత మీదే ఉంది. కిలోమీటర్ల అంకె 2,86,427. కొత్త కేబులు వేశాక బండి నడిచింది ఎనిమిది కిలోమీటర్లు.