ఛానెల్ మారిన వానాకాలం

మొన్న శుక్రవారం పొద్దున గోదావరిఖని నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆపా పోయింది. పానం బాగలేదంటే దవాఖానకు తీసుకపోయిన్రు, గంట కూడ ఉండలే. జల్ది బయల్దేరు" అన్నాడు. ఏ ఆపా అని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ పిలుపుకు ఒక్కరే మనిషి. మంచిర్యాలలో బస్సెక్కి కూర్చున్నాక, కిటికీలోంచి గోదావరి కనబడ్డాక, అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆపా మాకు చుట్టం కాదు. మా నాన్న బొగ్గుబాయిలో ఫిట్టర్. ఇంటి ముందరి రెండు గదులు కిరాయికి ఇచ్చేవాడు. ఎనభైల్లో ఊరి చివరి గుట్ట మీద టీవీ రిలే కేంద్రం పెట్టినప్పుడు ఆపా దానికి ఇంజనీరుగా వచ్చి, తల్లిని వెంటబెట్టుకొని ఆ గదుల్లో దిగింది. మంచిర్యాలలో లారీలు బాగుచేసే మెకానిక్ కూతురు. తల్లితో ఉర్దూ, మాతో మా మాటే. వాళ్లలో అక్కను ఆపా అంటారని తెలిసి నేనూ అలాగే పిలిచాను. నన్ను చూసి మా వాడకట్టంతా పిలిచింది.

నడిచేటప్పుడు రోడ్డు చూసేది కాదు, ఇళ్ల కప్పులు చూసేది. ఎవరి యాంటెన్నా ఏ దిక్కుకు తిరిగి ఉందో గమనించకుండా ఒక్క ఇంటినీ దాటేది కాదు. ముక్కూ మొహం తెలియని వాళ్ల తలుపు తట్టి, "అన్నా, గాలికి మీ యాంటెన్నా మర్లింది, జర గుట్ట దిక్కు తిప్పుకోరి" అని చెప్పి వచ్చేది. గుంటల్లో కాలు పడి చీలమండ బెణికించుకోవడం మామూలే. బొగ్గు దుమ్ము పట్టిన కళ్లద్దాలను కొంగుతో తుడుచుకుంటూ కుంటుకుంటూ ఇంటికొస్తే, వాళ్లమ్మ పసుపు వేడిచేస్తూ తిట్టేది.

కొన్నాళ్లకు ఆపా మీద పెద్ద పని పడింది. దూరంగా ఇంకో పెద్ద టీవీ కేంద్రం కడుతున్నారు. మా రిలే కేంద్రం ఏ ఛానెల్ మీద నడుస్తోందో దానికీ అదే ఇచ్చారు. రెండూ ఒకే ఛానెల్‌పై నడిస్తే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడుతుంది, ఎవరికీ ఏదీ కనబడదు. కాబట్టి మా కేంద్రం కొత్త ఛానెల్‌కు మారాలి. వినడానికి నాబ్ తిప్పినంత పని. కానీ కొత్త ఛానెల్‌కు పొట్టి కడ్డీల యాంటెన్నా కావాలి, పాత పొడుగు కడ్డీలు పనికిరావు. అంటే ఊళ్లో టీవీ ఉన్న ప్రతి ఇంటి కప్పూ ఎక్కాలి.

ఆపా మా వరండా గచ్చు మీద సుద్దతో ఊరంతా గీసింది. బాయి గేట్లు, కాలనీలు, కార్మికుల ఇళ్ల వరసలుండే లేబర్ లైన్లు, బజారు. ముందు ఏ కాలనీలో మార్చాలి, ఎక్కడికి ఎవరిని పంపాలి అని మోకాళ్ల మీద వంగి గీసి, చెరిపి, మళ్లీ గీసేది. మా అమ్మ గొణిగేది కానీ ఆ గీతల మీద చీపురు పెట్టలేదు.

టీవీలో ప్రకటన ఇస్తున్నారు కదా, ఇంకా ఈ తిరుగుడు ఎందుకని ఒకసారి అడిగాను. "చెప్పినమంటే అయిపోదు చెల్లే. చేరిందో లేదో సూడాలె. మా నౌకరి అంత గదే" అంది. అప్పటికి నేను ఓ చిన్న బడిలో పంతులమ్మని. సాయంత్రాలు నన్నూ వెంట తీసుకెళ్లేది. నేను ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పేదాన్ని, తను షిఫ్టు మారేటప్పుడు బాయి గేటు దగ్గర నిలబడి చెప్పేది.

ఆమెకు ఒకటే ఫికర్. వానాకాలంలో ఈ పని వద్దు. తడిసిన పెంకులు, రేకులు, వాటి పక్కనుంచే కరెంటు తీగలు. వానలు వెలిసేదాకా ఆగుదామని పైఆఫీసుకు రాసింది, ఫోన్ చేసింది. అవతలి కేంద్రం మొదలయ్యే తేదీ ఖాయమైపోయింది, జరపడానికి వీల్లేదన్నారు. వాళ్లదీ తప్పని అనలేం. ఆ రోజు ఇంటికొచ్చి గడపలో కూలబడింది. వాళ్లమ్మ "ఖానా ఖాలే బేటీ" అని పళ్లెం తెచ్చినా ముట్టలేదు. "వాళ్లకు సరే అని చెప్పిన చెల్లే" అంది నాతో. అంతే.

ఛానెల్ మారే ముందు గేటు దగ్గర ఆమె చెప్పిన మాటలు నాకింకా గుర్తే. "వానల ఎవ్వలు ఇంటి మీదికి ఎక్కకున్రి. లైను లైనుకు మేమే మనిషిని పంపుతం. రెండు దినాలు ఎన్కముందైనా అందరికి పెట్టిస్తం."

గుంపులోంచి బాయిలో బొగ్గు ఎత్తి తొట్లు నింపే ఫిల్లర్ ఓదెలు అడిగాడు: "అందాక ఆదివారం సీరియల్ ఎవలు సూపిస్తరమ్మా? మా లైనంత మా ఇంట్లనే కూసుంటది."

"కథ నేనొచ్చి చెప్త తియ్యన్నా" అంది ఆపా. అందరూ నవ్వారు. ఓదెలూ నవ్వాడు.

అనుకున్న రోజున కేంద్రం మారింది. బొమ్మ అద్దంలా వచ్చిందని పైఆఫీసు వాళ్లు మెచ్చుకున్నారు. ఆ ఆదివారం పొద్దున రాత్రి షిఫ్టు దిగి ఓదెలు ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా జనం, టీవీలో చుక్కలు. ఆపా పంపిన మనుషులు ఆ లైనుకు ఇంకా రాలేదు. సన్నగా తుంపర పడుతోంది. ఎవరో కొత్త యాంటెన్నా తెచ్చిచ్చారు. నిద్ర లేని కళ్లతో పెంకుల మీదికి ఎక్కాడు. కాలు జారింది, చేతిలోని యాంటెన్నా ఇనుప పైపు పోయి కరెంటు తీగకు తగిలింది. కింద పడేసరికే ప్రాణం లేదు.

కబురు తెలియగానే ఆపా బయల్దేరింది. వెంట నేనూ వెళ్లాను. ఓదెలు భార్య సమ్మక్క గడప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆపాను చూసి అడిగింది: "మంచిగొచ్చే బొమ్మను ఎందుకు మార్చిన్రమ్మా? అది నీకేం అడ్డమొచ్చింది?"

ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఊరంతటికీ విడమరిచి చెప్పిన మనిషి, అక్కడ ఆ కారణాలేవీ ఎత్తలేదు. "ఆగుదామని గట్టిగ అనాల్సింది. అనలే" అంది.

"నా గడప తొక్కకు" అంది సమ్మక్క.

తర్వాత ఆపా మిగిలిన పనంతా తానే దగ్గరుండి చేయించింది. బొగ్గు కంపెనీ వాళ్లను బతిమాలి, ఏ లైనులో యాంటెన్నాలు మారుస్తుంటే ఆ లైనుకు కరెంటు ఆపించింది. మనిషి పైన ఉన్నంతసేపూ కింద వానలో నిచ్చెన పట్టుకొని నిలబడింది. జ్వరం వచ్చినా మానలేదు. ఇంకెవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కానీ ఆ వానాకాలం తర్వాత ఆమె తలెత్తి ఇళ్ల కప్పులు చూడగా నేను చూడలేదు. తల వంచుకొని, తన కాళ్లు చూసుకుంటూ నడిచేది.

హైదరాబాదుకు పెద్ద ఉద్యోగం మీద పిలిచినా పోలేదు, మా దగ్గర్లోనే వేరే ఇల్లు తీసుకొని తల్లితో ఉండిపోయింది. పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేది. ఎందుకు ఇక్కడే ఉంటావని అడిగితే "ఈడ నా పని ఒడ్వలే" అనేది. ఇంకా మిగిలిన ఆ పనేమిటో చెప్పేది కాదు. మా నాన్న ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డప్పుడు ప్రతి సాయంత్రం వచ్చి ఆయన పక్కన కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేది ఏమీ లేదు. "ఏం చెప్పాల్నో తెల్వనప్పుడు ఊకె కూసోవాలె, లేసి పోవద్దు" అని నాకు చెప్పింది. నాన్న పోయినప్పుడు మా ఇంటికి వచ్చిన వాళ్లలో ఆఖరున వెళ్లింది ఆమే.

తొంభైల్లో కేబుల్ వచ్చింది. ఆ పొట్టి కడ్డీల యాంటెన్నాలన్నీ దిగి, పాత సామాను బండ్లెక్కి పోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఆపాను తీసుకెళ్లారు. మగవాళ్లు జనాజాను భుజాల మీదికి ఎత్తుకొని కదిలాక, ఆడవాళ్లం వాకిట్లోనే ఆగిపోయాం. అప్పుడు చూశాను, గల్లీకి అవతల గోడవారగా సమ్మక్క నిలబడి ఉంది. భర్త పోయాక కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. చీర మీద డ్యూటీ చొక్కా తొడుక్కొని ఉంది. జుట్టు నెరిసింది. దగ్గరికి వెళ్లి, "లోపలికి రా అక్కా, వాళ్లమ్మ ఉన్నది" అన్నాను.

"నేనెందుకొస్త. నా కోపం పోలే" అంది.

నేనూ ఆమె పక్కన గోడవారగా నిలబడ్డాను. తనే చెప్పింది. "ఏటేట ఆయన పోయిన దినం నాడు వచ్చి, చెప్పులిడిసి నా వాకిట నిలవడుతుండె. పొద్దుగూకేదాక. నేను లోపలికి రమ్మనలే. కూసోమనలే. గుక్కెడు నీళ్లన్న ఇయ్యలే."

మా వాడకట్టులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు.

"ఇగ ఈ ఏడు రాదు గద" అంది, నన్ను కాదు, గల్లీ చివరికి చూస్తూ.

జనాజా మలుపు తిరిగింది. వెనక నడిచే వాళ్లూ కనబడకుండా పోయారు. వాకిట్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. సమ్మక్క చెప్పులు విడిచి పక్కన పెట్టింది. తను ఎక్కాల్సిన రెండో షిఫ్టు సైరన్ మోగింది. అయినా కదల్లేదు. కాలుతున్న రోడ్డు మీద ఉత్త కాళ్లతో, ఆపా ఇంటి గుమ్మానికి ఎదురుగా అట్లాగే నిలబడింది.