దేవమణి కుక్కకి నేర్పిన మాట

దేవమణికి కుక్కలంటే భయం. ఈ మాట చెబితే నందిగామ నుంచి వీరులపాడు దాకా ఎవరూ నమ్మేవారు కాదు. ఆ చుట్టుపక్కల ఎవరి కుక్క కోళ్ళని పట్టినా, దారిన పోయేవాళ్ళ పిక్కలు అందుకున్నా, "తీసుకెళ్ళి దేవమణి దగ్గర వదలండి, నెల్లాళ్ళలో దారికొస్తుంది" అనేవారు. వచ్చేది కూడా. కానీ ప్రతి కొత్త కుక్కనీ చూడగానే ఆమె రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచిని గట్టిగా పట్టుకుని లోలోపల దేవుణ్ణి పిలిచేదని వాళ్ళకేం తెలుసు? భయం లేనివాడు కుక్కని కొట్టి నేర్పుతాడు. దేవమణికి కొట్టే ధైర్యం లేదు. అందుకని పెట్టి నేర్పింది.

ఆమె భర్త ప్రేమానందం చందర్లపాడు దారిలో బసవయ్యగారి మిరప కల్లానికి కాపలా ఉండేవాడు. యాభై అయిదులో వానాకాలం జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. బసవయ్యగారు ఆ కాపలా ఆమెకే ఇచ్చి, ఒంటరి ఆడది గుడిసెలో భయపడుతుందని ఒక కుక్కపిల్లని కూడా పంపాడు. ఆయన మంచికే పంపాడు గాని, ఆ మొదటి వారం దేవమణి దొంగల కోసం కాకుండా కుక్కపిల్ల కోసమే మేలుకుని ఉంది.

పిల్లే అయినా దానికి పళ్ళున్నాయి కదా. రొట్టె తుంచి ఇవ్వబోతే వేళ్ళతో సహా అందుకునేది. విసిరితే తినేసి, ఇంకా పెట్టమని మీదికి దూకేది. అన్నం ముందు ప్రార్థన చేసుకోవడం ఆమెకి చిన్నప్పటి అలవాటు. ఒక కన్ను దేవుడికి మూసి, ఇంకో కన్ను కుక్కపిల్ల మీద తెరిచి ఉంచేది. అది కంచం మీదికి వస్తే చేట అడ్డం పెట్టేది. "ఆమెన్" అన్నాక చేట తీసి ఒక ముక్క వేసేది. పది రోజులు తిరిగేసరికి కుక్కపిల్లకి లెక్క అర్థమైపోయింది. రొట్టె ముందున్నా సరే చతికిలబడి, చొంగ కారుస్తూ, ఆమె నోటి వంకే చూసేది. ఆ మాట వినపడితేనే తినేది. అలా దూకకుండా కూర్చున్న రోజున దేవమణి దాని తల మీద మొదటిసారి చెయ్యి వేసి, బంటు అని పేరు పెట్టుకుంది.

ఏం పెట్టాలో మాత్రం ఒక గండం గడిచాకే తెలిసింది. క్రిస్మసుకి ఎవరో కోడికూర ఇస్తే, ముద్దుకొద్దీ ఎముకలన్నీ బంటుకే వేసింది. ఒకటి చీలి గొంతులో అడ్డం పడింది. అది గిలగిల్లాడుతుంటే చూడలేక, దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకుని, అయిదు మైళ్ళు ఏడుస్తూ నడిచి నందిగామ పశువుల ఆసుపత్రికి వచ్చింది. కాంపౌండరు కృపారావు పట్టకారుతో ఎముక బయటికి లాగి ఆమెకి చివాట్లు పెట్టాడు.

"ఉడికిన కోడి ఎముక సూదిలా చీలుద్దమ్మా. ఇంకెప్పుడూ వెయ్యొద్దు. ఉల్లిపాయ తగిలిన కూర కూడా పెట్టొద్దు, దానికి పడదు. మన ఉప్పుచేపలు, పచ్చళ్ళు, మిఠాయిలు మనకే. చెప్పిన మాట వింటే చింతగింజంత ముక్క పెట్టు, చాలు. దానికి నువ్వు మెచ్చుకున్నావని తెలియాలి గాని, కడుపు నిండక్కర్లేదు."

ఆ మాటల్ని దేవమణి వేదవాక్యంగా పట్టుకుంది. మేక కార్జం దొరికిన రోజున ఉప్పు లేకుండా ఉడకబెట్టి, పొయ్యి సెగకి ఆరబెట్టి, చింతగింజంత ముక్కలు కోసి సంచిలో పోసుకునేది. కార్జం లేనప్పుడు చిలగడదుంపో, జొన్నరొట్టో. ఏది చేసినా ముందు తనొక ముక్క నమిలి చూసేది. తనకేమీ కాకపోతేనే కుక్కకి. అంత భయం.

ఆమె దగ్గరికొచ్చిన ఊళ్ళో కుక్కలు కూడా "ఆమెన్" అన్న మాటకే అలవాటు పడ్డాయి. ఆమెకి ఇంకో మాట తెలిస్తే కదా! బసవయ్యగారి గొడ్లచావిడి కుక్క నెల్లాళ్ళు ఆమె దగ్గరుండి ఇంటికి వెళ్ళాక రెండు రోజులు పస్తు ఉంది. మూడో రోజు ఆయన తనే దాన్ని తోలుకొచ్చాడు.

"ఏందే దేవమణీ, గోవిందా అన్నా, నారాయణా అన్నా మూతి కూడా కదపట్లేదు. ఏం మప్పావు దీనికి?"

"ఆమెన్ అనాలండి," అంది ఆమె తల దించుకుని.

ఆయన ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి ఆ మాట అన్నాడు. కుక్క గబగబా తినేసింది. ఎవరన్నా సరే, మాట వినపడితే చాలు దానికి. అందరూ పగలబడి నవ్వారు, దేవమణి కూడా నవ్వింది. అందులో ఉన్న ప్రమాదం ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు.

అరవై ఒకటి ఎండాకాలం మొదట్లో చందర్లపాడు వైపు నుంచి ఒక పిచ్చికుక్క వచ్చింది. ఒక పెయ్యనీ, కూలికి వెళ్ళే ఒకామెనీ కరిచి, ఊరికుక్కలతో కొట్లాడి, ఎటో పోయింది. ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని తిరిగింది. పెద్దలు కూర్చుని కుక్కలకి మందు పెట్టాలని తేల్చారు. మందంటే విషం. ఆదివారం పొద్దున తలారి రత్తయ్య వీధి వీధికీ మాంసం ముక్కల్లో పెట్టి వేస్తాడని, పెంపుడు కుక్కల్ని కట్టేసుకోమని దండోరా వేయించారు.

దండోరా విన్నప్పటి నుంచి దేవమణి బంటుని గడప దాటనివ్వలేదు. పైగా ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పిచ్చికుక్క వచ్చిన రోజు సాయంత్రం బంటు చెవి చిరిగి ఇంటికొచ్చింది. ఏ కుక్కతో కొట్లాడిందో! చెబితే చంపేస్తారు. చెప్పకపోతే? ఆ రెండో ప్రశ్నని ఆమె తలుచుకోకుండా తోసేస్తూ వచ్చింది.

ఆదివారం బంటుని గుడిసెలో గుంజకి కట్టింది. మెడకి ఉరి పడుతుందేమోనని గుంజ దగ్గర ముడి వదులుగా వేసింది. భయమే ఆమెని అన్నాళ్ళూ కాపాడింది, ఆ పూట భయమే ముంచింది. జగ్గయ్యపేట నుంచి వరప్రసాదరావు పాస్టరుగారు వచ్చారు, మైకుసెట్టు కూడా వచ్చింది. పల్లెలో మొదటిసారి మైకు. గుడి ముందు పందిట్లో జనం కిక్కిరిసి కూర్చున్నారు. దేవమణి ఆడవాళ్ళ మధ్య తడిక పక్కన కూర్చుంది.

పాస్టరుగారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అలవాటు కొద్దీ దేవమణి ఒక కన్ను తెరిచింది. తడిక సందులోంచి సందు మొగ కనపడింది. అక్కడ, గోడ పక్కన, బంటు చతికిలబడి కూర్చుని ఉంది. మెడలో విడిపోయిన తాడు వేలాడుతోంది. దాని ముందు నేల మీద మాంసం ముక్క. చొంగ కారుస్తూ అది పందిరి వంకే చూస్తోంది. ఆగుతోంది. ఆ మాట కోసం ఆగుతోంది.

ఇంకో నిమిషంలో రెండొందల గొంతులు, పైన మైకూ, అదే మాట అంటాయి.

లేచి "ఆమెన్ అనొద్దు" అని అరవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వద్దని చెప్పాలన్నా ఆ మాటే అనాలి! బంటూ అని పిలిచింది. ఆ మైకు హోరులో ఎవరికి వినపడుతుంది? పాస్టరుగారి ప్రార్థన రోగుల్ని దాటింది, ప్రయాణాల్లో ఉన్నవారిని దాటింది, పంటల దగ్గరికొచ్చింది. పంటల తర్వాత ఏం వస్తుందో దేవమణికి తెలుసు. పుట్టి బుద్ధెరిగి సంఘంలో గొంతెత్తని మనిషి, ముందున్న ఆడవాళ్ళ భుజాల మీద చేతులు వేసి, పసిపిల్లల్ని దాటుకుని, ఎవరిదో కాలు తొక్కి, తడిక తోసుకుని బయటపడి పరుగెత్తింది.

"నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ..."

ఇంకా పదడుగులుంది.

"ఆమెన్!"

బంటు ముక్క అందుకుంది. దేవమణి దాని మీద పడింది. తన వేళ్ళకి ఏ పళ్ళు తగలకూడదని ఆరేళ్ళ పాటు అన్ని జాగ్రత్తలు పడిందో, ఆ పళ్ళ మధ్యకే చెయ్యి మణికట్టు దాకా తోసింది. బంటు ఉలిక్కిపడి నోరు మూసింది. పళ్ళు అరచేతిలో దిగాయి. ఆమె వదల్లేదు. ముక్క పట్టుకుని బయటికి లాగి, దూరంగా విసిరి, దాని నాలుక కొంగుతో తుడిచింది. ముక్క చిరగలేదు, అంతే ఆమె చూసుకున్నది.

రత్తయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏంది దేవమణీ, కరిచిందా? కరిస్తే జరుగు, తల మీద ఒక్కటిస్తా."

దేవమణి చెయ్యి కొంగులో చుట్టుకుంది. ఎర్రచీర కాబట్టి నెత్తురు కనపడలేదు. "లేదు రత్తయ్యన్నా, దాని నోట్లోది లాక్కున్నానంతే. ఇదిగో, తీసుకుపోతన్నా," అంది. గుడి వాకిట్లో నిలబడి అబద్ధమాడింది. పందిట్లో వాళ్ళు ఆమెకి దయ్యం పట్టిందని చాలాకాలం చెప్పుకున్నారు.

గుడిసెకి వచ్చి, చెయ్యి సబ్బుతో కడిగి, తలుపు మూసుకుని కూర్చున్నాక అసలు భయం మొదలైంది. విషం బంటు లోపలికి పోలేదు. కానీ దాని చెవి చిరిగి ఉంది, తన చెయ్యి చిల్లులు పడి ఉంది. పిచ్చెక్కిన కుక్క పది రోజులు బతకదని, నీళ్ళు ముట్టదని అందరికీ తెలిసిందే. ఆసుపత్రికి పోతే సూదులు వేస్తారు. ఏ కుక్క కరిచిందని అడుగుతారు. ఆ కబురు తనకంటే ముందే ఊరికి చేరుతుంది.

ఆమె వెళ్ళలేదు. రోజూ తెల్లారగానే మూకుట్లో నీళ్ళు పోసి బంటు ముందు పెట్టి, గుండె చిక్కబట్టుకుని చూసేది. అది తాగేది. ఆ రోజుకి ఇద్దరూ బతికినట్టే. నాలుగో రోజు మూకుడు దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి పోయింది. దేవమణి గోడకి ఆనుకుని, కదలకుండా, పొద్దు బారెడెక్కేదాకా అలాగే ఉండిపోయింది. మూకుట్లో మిరప ఘాటు అంటి ఉందని, వేరే ముంతలో పోస్తే తాగిందని తర్వాత తెలిసింది గాని, ఆ రెండు ఘడియల్లో ఆమె జుట్టు నెరిసిందని నేనంటే కాదనకండి.

పదకొండో రోజు బంటుని వెంటబెట్టుకుని నందిగామ నడిచింది. కృపారావు చీము పట్టిన చెయ్యి చూశాడు, పక్కన తోక ఊపుతున్న కుక్కని చూశాడు. జరిగింది విని కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఒకవేళ దానికి పిచ్చి ఎక్కి ఉంటే నువ్వు ఎట్లాంటి చావు చచ్చేదానివో తెలుసా? తెలిసే కూర్చున్నావా?"

"తెలుసండి."

"భయమెయ్యలేదా నీకు?"

"పది రోజులూ భయంతోనే చచ్చానండి. కానీ ఊళ్ళో తెలిస్తే దీన్ని చంపుతారు కదండి, ఆ భయం ఇంకా పెద్దది."

కృపారావు ఆమెని బల్ల మీద కూర్చోమన్నాడు. వేడినీళ్ళు తెచ్చి ఆమె చెయ్యి కడగడం మొదలుపెట్టాడు.