నడుమ మచ్చ

గుడియాత్తంలో ఇళ్లు కట్టించే మా మేనమామకు నక్షత్రాల ఫోటోలు తీయడం పిచ్చి. ఏది చూపించినా ముందు లుంగీ కొసతో కంప్యూటర్ తెర తుడిచేవాడు. “నడుమ మచ్చ ఉండాది చూడప్పా, కెమెరాలో దుమ్ము పడినట్టుండాది” అనేవాడు. నాకు కనిపించేది కాదు. నాకంత చూపు లేదనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, దుమ్ము మచ్చలను తీసేసే కొత్త సాఫ్ట్‌వేర్‌లో పాత ఫోటోలన్నీ మళ్లీ వేశాడు. ఇన్నేళ్లూ మసకలో దాగిన నెబ్యులా మేఘాల ఎర్రటి పోగులు ఒక్కొక్కటే తేలాయి. నేను నోరు తెరిచి చూస్తున్నాను. మామ మళ్లీ తెర తుడిచాడు.

“మచ్చ పోలేదే నాయనా.”

కంప్యూటర్ ఆపేసి నా వైపు తిరిగాడు. చాలాసేపు కళ్లార్పకుండా చూశాడు.

“నీ మొగం నడుమ గూడా ఉండాది.”

లుంగీ కొస పట్టుకున్న చెయ్యి నా చెంపదాకా వచ్చి ఆగిపోయింది.