తాళం వేసిన బాత్రూము, ఐదో కంచం

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నేను తమిళనాడులోని ధర్మపురిలో స్పెషల్ బ్రాంచి సబ్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. జిల్లాలోని విదేశీయుల నమోదు నా బల్ల మీది పని. ఆ ఏడాది డిసెంబరు ఇరవై మూడు ఉదయం ఇన్‌స్పెక్టరు సంతకం లేని అర్జీ ఒకటి నా చేతికిచ్చి, మర్నాడు సాయంత్రం ఆరింటికల్లా విచారణ నివేదిక కావాలన్నారు. నా డైరీలో ఆ రెండు రోజులకు ఐదు పేజీలు ఉన్నాయి.

విదేశీయులకు ఇల్లు ఇచ్చినవారు, వాళ్లు దిగిన ఇరవై నాలుగు గంటల్లో ఫారం సి దాఖలు చేయాలి. ఎవరు, ఎందరు, ఏ పని మీద వచ్చారు అన్నది అందులో ఉంటుంది. అర్జీ వచ్చింది అదియమాన్‌కోట్టై దారిలో మేడ మీద అద్దెకున్న పోలండ్ కుటుంబం మీద. భర్త మారెక్ ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. భార్య హన్నా, ఇద్దరు ఆడపిల్లలు. మా రిజిస్టరులో నలుగురే. ఐదో మనిషిని వెనక బాత్రూములో పెట్టి ఇత్తడి తాళం వేశారని అర్జీలో ఉంది. అది నిజమైతే మారెక్ మీద కేసు, నివాస అనుమతి రద్దు. కుటుంబమంతా దేశం వదలాల్సిందే.

సంతకం లేని అర్జీ వస్తే అందులో పేరున్నవారినే కాదు, రాసినవారినీ అనుమానించడం నా అలవాటు. కాబట్టి ముందు బయటి విచారణ చేశాను.

ఆ ఇంట్లో పనిచేసే మునియమ్మ మా ఇళ్లలోలాగే తెలుగు మాట్లాడే మనిషి. బస్టాపులో కలిశాను. ముందు ఏమీ తెలియదన్నది. కాసేపయ్యాక తాళం సంగతి తనే మొదలుపెట్టింది.

“రెండు దినాలుగా ఆ బాత్రూముకు పూట్టు వేసినారు సార్. నన్ను కడగొద్దన్నారు. లోపల నీళ్ల సద్దు వస్తాది. అమ్మ రొట్టె ముక్కలు తీసుకోని పోతాది, ఉత్త చేతులతో వస్తాది. మనిషే సార్. ఇంకెవురు తింటారు రొట్టె?”

పండుగ భోజనానికి ఐదు కంచాలు కడిగి పెట్టమన్నారట. ఐదోది ఎవరికని అడిగితే హన్నా నవ్వి, ఎవరో మాకూ తెలియదన్నదట. వచ్చే అతిథి ఎవరో తెలియదనే ఇల్లాలిని నా ఉద్యోగంలో అంతకుముందు చూడలేదు. ఆ మాట కింద డైరీలో రెండు గీతలు గీశాను.

ఇంటి ఓనరు గోవిందస్వామి కింది వాటాలో ఉండేవాడు. శుద్ధ సైవం, అంటే మాంసం, చేప ముట్టనివాడు. మేడ మీద కూడా అవి వండకూడదని అద్దె పత్రంలో రాయించుకున్నాడు. రెండు నెలలుగా తాను మెట్లెక్కలేదని చెబుతూనే, తలుపు ఎప్పుడు తెరిపిస్తారని మూడుసార్లు అడిగాడు. అదీ రాసుకున్నాను.

ఇరవై నాలుగు సాయంత్రం నాలుగున్నరకు ఒక మహిళా కానిస్టేబులుతో మేడ ఎక్కాను. సోదా వారంటు లేదు. అడగడం మాత్రమే నా అధికారం. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద ఐదు కంచాలు, చుట్టూ ఐదు కుర్చీలు. గుడ్డ అంచు కింద గడ్డిపోచలు కనిపించాయి. ఎదురుగా ఉన్నది నలుగురు. ఐదో కంచం ఎవరిదని అడిగితే, ఇంకా తెలియదన్నాడు మారెక్. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

బాత్రూము తెరవమన్నాను. భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. ఆరేళ్ల చిన్నపిల్ల పోయి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఇంటి ఓనరు నాతో వచ్చాడా అని హన్నా మెల్లగా అడిగింది. అప్పటికి నా మనసులో కేసు సగం రాసేసుకున్నాను. అతను కిందే ఉన్నాడన్నాక ఆమె తాళం తీసింది.

లోపల నీలం ప్లాస్టిక్ తొట్టి. అందులో కావేరి ఒడ్డు హొగేనక్కల్ నుంచి తెచ్చిన, మూరెడు పొడవున్న బతికున్న చేప. నీళ్ల మీద రొట్టె ముక్కలు తేలుతున్నాయి.

వాళ్ల దేశంలో క్రిస్మస్ ముందురోజు చేప తినాలట. బురద వాసన పోవడానికి దాన్ని రెండు మూడు రోజులు మంచినీళ్లలో ఉంచుతారట. ఓనరుకు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తాడని తాళం వేశారు. ఈలోగా చిన్నపిల్ల చేపకు పేరు పెట్టి రొట్టె తినిపించింది. ఇక కోయనివ్వలేదు. రాత్రికి బీట్‌రూట్ చారు, ఉర్లగడ్డలేనని హన్నా చెప్పింది. ఐదో కంచం మాట కూడా అప్పుడే తేలింది. పిలవకుండా ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి ప్రతి ఇంట్లో ఆ రోజు ఒకటి ఎక్కువ పెడతారట. బల్ల గుడ్డ కింద గడ్డి పరచడమూ ఆ పండుగ ఆచారమేనట. మారెక్ ఆ కుర్చీ నా వైపు జరిపాడు. విచారణకు వచ్చిన ఇంట్లో తినకూడదన్నాను. కానీ ఆరు దగ్గరపడుతోంది. కంచం పక్కకు జరిపి అక్కడే కూర్చుని నివేదిక రాశాను. మొదటి చుక్క పొడిచేదాకా వాళ్లు ముద్ద ముట్టరట. చుక్క కోసం నలుగురూ బాల్కనీలో నిలబడితే, అది కనిపించకముందే నా పని అయిపోయింది.

కింద గోవిందస్వామి గేటు దగ్గరే ఉన్నాడు.

“లోపల ఎవురున్నారు సార్?”

“మనిషన్నవాడు ఎవురూ లేడు.”

“మరి అంత పెద్ద ఇత్తడి పూట్టు ఎందుకు సార్?”

“రెండు నెలలుగా మెట్లు ఎక్కలేదంటివి. రెండు దినాల కింద వేసిన పూట్టు ఇత్తడిదని నీకెట్ల తెలిసె?”

అతను గేటు తెరిచి నాకు దారి ఇచ్చాడు. చేప సంగతి నేను చెప్పలేదు. పత్రంలో ఉన్నది వండకూడదని. అక్కడ ఎవరూ వండలేదు.

అర్జీలోని తాళం నిజం. మునియమ్మ చెప్పిన కంచం నిజం. ఆ రెండూ కలిపి, లోపల మనిషి ఉన్నాడని నమ్మేసింది నేను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా నా నివేదికల్లో చూసినది ఒక పేరాలో, అనుకున్నది వేరే పేరాలో రాశాను. మారెక్ కుటుంబం అనుమతి గడువు తీరేదాకా ఆ ఇంట్లోనే ఉంది. రిజిస్టరులో నలుగురే.