రాజేశం మానేసిన రాత్రి బువ్వ

రాత్రి పొద్దుపోయాక తింటే మనిషి లావెక్కుతాడా లేదా అన్నది మా వాడకట్టులో ఇప్పటికీ తేలలేదు. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ తీర్పు చెప్పారు. ఆ తీర్పుల కింద నలిగిపోయింది మాత్రం ఎవరినీ ఏమీ అడగని మనిషి, మా పక్కింటి లచ్చవ్వ వదిన. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగరని తెలుసు కాబట్టే రాస్తున్నాను.

లచ్చవ్వ పుట్టిల్లు కోరుట్ల. బుగ్గారం పక్కనున్న మా ఊరికి కోడలై వచ్చింది. మొగుడు రాజేశం తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. పొద్దున ఆయన దింపిన కల్లు ఆమె మండువాకు, అంటే ఊరివాళ్లు కూర్చుని కల్లు తాగే చోటికి, మోసి అమ్మేది. మధ్యాహ్నం నాతోపాటు అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. నోట్లో మాట తక్కువ, చేతిలో పని ఎక్కువ. ఒక్కతే బిడ్డ, సంగీత. ఆ పిల్లను సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే అతనికిచ్చి పెళ్లి చేశారు.

లచ్చవ్వకు ఒక పట్టుదల ఉండేది. మొగుడు తినందే ముద్ద ముట్టదు. రాజేశం సాయంత్రం కూడా చెట్లెక్కి, మండువాలో చివరి మనిషి లేచిందాకా ఉండి, స్నానం చేసి పళ్లెం ముందు కూర్చునేసరికి ఊరంతా ఒక నిద్ర తీసేది. అందాకా ఆమె పొయ్యి దగ్గర కునుకుతూ కూర్చునేది. ఇది గొప్ప అని నేననను. నాకు ఒళ్లు మండేది. మా ఆయన కోసం నేను కాసేపు చూస్తాను, తర్వాత నా పళ్లెం నేను పెట్టుకుంటాను. ఆ మాటే అంటే వదిన నవ్వేది.

"మా అమ్మ గట్లనే ఉండె. నాకు గదే అలవాటైంది. ముందుగాల తింటే గొంతుల దిగది" అనేది.

పోయిన ఎండాకాలం రాజేశం చెట్టు మీద సగంలో జారాడు. చెట్టుకూ నడుముకూ చుట్టుకునే మోకు పట్టి ఆపింది కాబట్టి బతికాడు. ఛాతీ అంతా చీరుకుపోయింది. కింద నిలబడ్డ సమ్మయ్య, ఆయన తోటి గీతకాడు, ఉన్నమాట అనేశాడు.

"నువ్వు బరువైనవ్ రాజేశం. మోకు ఎన్నిసార్లు ఆపుతది? తగ్గు, లేకుంటే చెట్లిడిసిపెట్టు."

చెట్లు విడిచిపెడితే అవి ఇంకొకరి వంతుకు పోతాయి. ఆ వయసులో ఆయనకు ఇంకో పని రాదు. భయం పట్టుకుంది. వడ్ల కొనుగోలు సెంటర్లో బస్తాలు తూచే కాంటా ఎక్కి చూసుకున్నాడు. అక్కడి హమాలీలు "అన్నను లారీకి ఎత్తుదామా" అని నవ్వారట. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి బిడ్డకు ఫోన్ చేశాడు.

సంగీత దగ్గర జవాబు తయారుగా ఉంది. "బాపూ, నువ్వు రాత్రి ఆలస్యంగ తింటున్నవ్, అందుకే లావైతున్నవ్. నేను వీడియోల చూసిన. మా ఆయన గూడ నైట్ షిఫ్ట్ల తిని తిని లావైండు. పొద్దుగూకినంక మెతుకు ముట్టకు."

ఆ రోజు నుంచి రాజేశం రాత్రి బువ్వ మానేశాడు. లచ్చవ్వ మొదటిసారి మొగుడికి ఎదురుచెప్పడం నేను విన్నది అప్పుడే.

"రాత్రి ఉపాసం పంటే పిట్టంత మాంసం తగ్గుతదంటరయ్యా. రెండు ముద్దలన్న తిను."

"పిట్టంత పోతే పోనీ. నాకాడ దున్నపోతంత ఉన్నది. నువ్వు తిని పండుకో" అని ఆయన మంచమెక్కాడు.

"తింట తీ" అంది ఆమె.

తినలేదు. మరునాడూ తినలేదు. ఆయన కడుపు మాడ్చుకుని పడుకుంటే తాను ఎట్లా తినాలన్నది ఆమె బాధ. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, పొద్దున చెట్లకు పోయే ముందు మజ్జిగ కలిపి ఆయనకే పెట్టేది. ఆయన రాత్రి ఆకలంతా కలిపి తినిపోయేవాడు. సాయంత్రం మండువాలో నిలబడలేక ఉడికించిన శనగ గుడాలు తినేవాడు, కల్లు ఇంకో రెండు లొట్లు ఎక్కువే తాగేవాడు. కొన్ని వారాలకు మళ్లీ కాంటా ఎక్కితే బరువు ఉన్నచోటే ఉంది. రాత్రి మానిన తిండి పగలు తింటే ఎక్కడికి పోతుంది?

కాంటా మీద ఆయనను తూచారు. ఆమెను ఎవరూ తూచలేదు.

నాకు కనబడుతూనే ఉంది. ఆమె చుట్టే బీడీలు రోజురోజుకూ తగ్గిపోయాయి. రవికలు భుజాల మీద నిలిచేవి కావు. ఒకనాడు రాజేశాన్ని వాకిట్లోనే ఆపి అడిగాను.

"అన్నా, వదిన రాత్రి తింటున్నదా ఎన్నడన్న చూసినవా?"

"తినకేంజేస్తది చెల్లే? అండేది ఆమెనేనాయె" అన్నాడు.

ఆ మాటలో దుర్మార్గం లేదు. వండే మనిషి తినే ఉంటుందని ఆయన నిజంగానే నమ్మాడు. ఆయనకు తెలిసిన మగవాళ్లందరూ అట్లాగే నమ్ముతారు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

బతుకమ్మకు సంగీత వచ్చింది. తల్లిని చూసి, "ఏందమ్మా, గిట్లైనవ్?" అంది.

"షుగరున్నోళ్లు గిట్లనే సన్నబడ్తరట బిడ్డా" అని లచ్చవ్వ పూలు పేర్చడంలో పడిపోయింది.

షుగరున్న మాట నిజమే. నెలనెలా సర్కారు దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చి గోలీలు ఇచ్చిపోయేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నానికి ముందు, ఒక్కరోజు కూడా తప్పొద్దు అని చెప్పింది. లచ్చవ్వ ఏ పనీ తప్పే మనిషి కాదు. రాత్రి గోలీ వేసుకునేది. అన్నం తినకుండా పడుకునేది. అన్నం లేకుండా ఆ గోలీ మనిషిని ముంచుతుందని ఆమెకు తెలియదు. ఈ సంగతి నాకూ తర్వాతే తెలిసింది.

బతుకమ్మ పోయిన కొన్నాళ్లకు ఒక పొద్దున రాజేశం నన్ను కేకేశాడు. వెళ్లేసరికి వదిన చాప మీద ఉంది. ఒళ్లంతా చెమట, చీర తడిసిపోయింది. ఊపిరి ఉంది, పిలిస్తే పలుకు లేదు. పొయ్యి మీద రాత్రి వండిన అన్నం వండినట్టే ఉంది. ఆటోలో జగిత్యాల తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన ఆమె అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు.

డాక్టరు చేయాల్సినదంతా చేశాక బయటికొచ్చి అడిగాడు. "రాత్రి గోలీ వేసుకుని అన్నం తినలేదా ఈమె?"

రాజేశం 'తిన్నది' అనబోయాడు. నోరు తెరిచి, నా వైపు చూసి, ఆగిపోయాడు. ఆ పొద్దున తాను చూసిన అన్నం గిన్నె అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది.

"షుగర్ బాగా పడిపోయింది. చాలాసేపు అట్లనే ఉన్నది. మెదడు దెబ్బతిన్నది" అన్నాడు డాక్టరు.

"బరువు తగ్గాలని నేను మానిన సారూ. ఆమెకెందుకైంది?" అన్నాడు రాజేశం.

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నేను విప్పి చెప్పాను. ఆయన చేతిలోని చీటీ మడిచి పెట్టాడు. తర్వాత, "ఎప్పుడు తిన్నవన్నది ఒక్కటే కాదయ్యా, దినమంతా ఎంత తిన్నవో, ఎంత తాగినవో అది చూడాలె" అని నెమ్మదిగా చెప్పి లోపలికి పోయాడు. మా వాడకట్టంతా కలిసి చెప్పని మాట అది. అప్పటికి దానితో ఎవరికీ పని లేదు.

లచ్చవ్వ బతికింది. బతికింది అనాలంటే నాకు నోరు రావడం లేదు. మనుషులను చూస్తుంది, ఎవరినీ ఎరగదు. మాట లేదు. సంగీత వచ్చి నెల రోజులు ఉంది. అమ్మా అమ్మా అని పిలిచి, గోడకు చెప్పుకున్నట్టుందని ఏడ్చింది. తన ఫోన్లోని ఆ వీడియోను తీసేసింది. ఆ పిల్లను నేను ఏమీ అనలేదు. తండ్రి బతకాలనే కదా చెప్పింది. రాజేశం చెట్లు సమ్మయ్య వంతుకు పోయాయి. మొగుడు మంచం దగ్గర కూర్చోక తప్పదు కదా.

పగలు ఎవరు పెట్టినా లచ్చవ్వ ఎంతో కొంత మింగేది. రాత్రి మాత్రం నోరు తెరిచేది కాదు. సంగీత బుజ్జగించింది, నేను బుజ్జగించాను. పళ్లు బిగపట్టేది. ఒకనాడు రాజేశం విసుగు పుట్టి, ముద్ద ఆరిపోతుందని తన నోట్లో పెట్టుకున్నాడు. ఆయన నమిలి మింగిందాకా ఆమె చూసింది. తర్వాత నోరు తెరిచింది.

మందుల కోసం నేనూ వెంట జగిత్యాల పోయినప్పుడు ఆయన ఈ సంగతి డాక్టరుకు చెప్పాడు. చెప్పేటప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"నన్ను గుర్తువట్టినట్టేనా సారూ?"

"గుర్తు కాదయ్యా. ఏండ్ల అలవాటు. ఆశ పెట్టుకోకు" అన్నాడు డాక్టరు.

 ఆ రాత్రి రాజేశం పళ్లెంలో అన్నం కలిపి, మొదటి ముద్ద తాను తిన్నాడు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, మింగినట్టు ఆమెకు చూపించాడు.

"తిన్న లచ్చవ్వా. చూడు, తిన్న" అన్నాడు.