కూచిపూడి మామ్మ పేరు కోసం బందరు, గుడివాడ

ఉప్పెనలో మా అత్తగారు పోయారు. సంవత్సరీకం దగ్గరపడుతుండగా పురోహితుడుగారు వచ్చి మూడు తరాల ఆడవాళ్ల పేర్లు అడిగారు. అత్తగారి పేరు, ఆవిడ అత్తగారి పేరు మావయ్యగారు చెప్పారు. ఆ పైతరం, అంటే తన నాయనమ్మ పేరు దగ్గర ఆగిపోయారు. కూచిపూడి నుంచి కోడలిగా వచ్చినావిడ కనుక ఇంట్లో అందరూ ఆవిడను కూచిపూడి మామ్మ అనేవారట. పేర్లు రాసి ఉన్న పుస్తకం నీళ్లలో పోయింది. "పేరు తెలియనివాళ్లకి చెప్పే మాట ఒకటి ఉందండీ, దాంతో కానిచ్చేద్దాం" అన్నారు పురోహితుడుగారు. "నన్ను ఎత్తుకు పెంచింది. ఊరూ పేరూ లేనిదానిలాగా పిండం పెట్టిస్తానా?" అన్నారు మావయ్యగారు. ఆయనకు కంట్లో పొర. మా ఆయనకు ఇంటి కప్పు పని తెమలలేదు. నేను ఐదు వరకు చదివాను. అందుకని, మామ్మ పోయిన వార్త వేసిన పాత పత్రిక వెతకడానికి ఆయన వెంట బందరు గ్రంథాలయానికి నేను బయలుదేరాను.

అవనిగడ్డలో ఆరింటికి బస్సు ఎక్కాం. బందరుకు మనిషికి రెండు రూపాయల పై చిల్లర. తలలు విరిగిన తాటిచెట్లు దారి పొడవునా ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికి ఎనిమిదైంది. రిక్షా సాయిబు ముప్పావలాకు ఒప్పుకున్నాడు. "గ్రంథాలయం తొమ్మిదింటికి గానీ తియ్యరమ్మా. ఈలోపు మావయ్యకి ఇడ్లీ పెట్టించు, మొహం వాడిపోయింది" అన్నాడు. ఇడ్లీలు తిన్నాకే దించాడు.

గ్రంథాలయంలో ఉన్నాయన పాత వారపత్రికలను ఏడాదికొక పుస్తకంగా కుట్టించి పెట్టాడు. "ఏ సంవత్సరం కావాలండీ?" అని అడిగాడు. మావయ్యగారికి సంవత్సరం తెలియదు. "నాకు పదేళ్లప్పుడు మామ్మ పోయింది. పత్రికాయన ఇంటికొచ్చి రాసుకుపోయాడు" అన్నారు. గ్రంథాలయం ఆయన ఆ వయసును బట్టి లెక్కగట్టి మూడు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "వేలు నాలిక మీద అద్ది పేజీ తిప్పారో, పుస్తకం లాగేసుకుంటా" అన్నాడు. నేను తల దించుకుని తిప్పడం మొదలుపెట్టాను. రెండో పుస్తకంలో, పదకొండు గంటలు దాటాక, మా ఊరి పేరు, మావయ్యగారి తాతగారి పేరు కనిపించాయి. ఆయన ధర్మపత్ని స్వర్గస్థురాలైందనీ, పుట్టింటి నుంచి తెచ్చుకున్న తాటాకు గ్రంథాన్ని గుడివాడ పండితుడొకరికి దానమిచ్చిన పుణ్యవతి అనీ రాశారు.

"పేరేదమ్మా?" అన్నారు మావయ్యగారు.

"వెయ్యలేదండీ."

"మళ్లీ చదువు."

మూడుసార్లు చదివాను. "ఫలానా ఆయన భార్య అంటే సరిపోయేదండీ అప్పట్లో" అని గ్రంథాలయం ఆయన సర్దిచెప్పాడు. పండితుడి పేరు, ఆయన ఉండే వీధి మాత్రం పత్రికలో ఉన్నాయి. కాగితం మీద రాసుకున్నాను.

పన్నెండింటి ప్యాసింజరు ఎక్కితే గంటన్నరలో గుడివాడ. ఆ వీధిలో పండితుడి మనవడి ఇల్లు ఇట్టే చూపించారు. ఆయన బడిలో పంతులు, సాయంత్రం గానీ రాడు. వాళ్లమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి, గ్రంథాల జాబితా తెచ్చి ఇచ్చారు. ఇచ్చినవాళ్ల ఇంటిపేర్ల వరసన రాసి ఉంది. మా ఇంటిపేరు కోసం రెండుసార్లు వెతికాను. లేదు. మావయ్యగారు చేతికర్ర తీసుకుని లేవబోయారు.

"అత్తింటి పేరు మీద వెతికితే ఎలా దొరుకుతుందే పిల్లా? పుట్టింటి సొత్తు కదా. వాళ్ల ఇంటిపేరు చూడు" అన్నారు ఆవిడ.

మామ్మ పుట్టింటివారి ఇంటిపేరు మావయ్యగారికి గుర్తుంది. ఆ పేరు మీద ఒకే కట్ట ఉంది, పసిబిడ్డల మందుల పుస్తకం. పేర్లు చివరి ఆకు మీదే ఉంటాయంటూ ఆవిడ దానికి దీపం మసి, నూనె రాసి గుడ్డతో తుడిచారు. అక్షరాలు నల్లగా తేలాయి. "నాకు చదువు రాదు, నువ్వే చూడు" అని నాకిచ్చారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను: మా అమ్మాయి కాపురానికి దూరం వెళుతున్నది, ఏటి లంకల్లో వైద్యుడు దొరకడు, అందువల్ల ఇది రాసి ఇచ్చాను, చిరంజీవి... అక్కడ ఆగాను. మా ఇళ్లలో కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు నోట పలకరు.

"చదవమ్మా" అన్నారు మావయ్యగారు.

చదవగలిగినవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు. "సూరమ్మ" అన్నాను.

ఆయన చేతికర్ర పక్కన పెట్టారు. తరవాత అన్నారు: "మా చెల్లెలి పేరు అదే. మా నాన్న దాన్ని ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. చిన్నమ్మా అనేవాడు. మేం పేరెట్టి పిలిస్తే కొట్టేవాడు. ఎందుకో ఇన్నాళ్లూ తెలీలా."

"తల్లి పేరు పెట్టుకున్న పిల్లని ఎవరు పేరెట్టి పిలుస్తారండీ" అన్నారు పెద్దావిడ, మాకు మజ్జిగ ఇస్తూ.

నాలుగున్నర బస్సుకు పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా ఇల్లు చేరాం. ఇద్దరికీ దారి ఖర్చులన్నీ కలిపి పదిహేను రూపాయల లోపే. కార్తీకంలో సంవత్సరీకం జరిగింది. పురోహితుడుగారు అడిగినప్పుడు మా ఆయన మూడు పేర్లూ ఆగకుండా చెప్పారు. మావయ్యగారు పక్కనే కూర్చుని మూడో పేరు ఆయనతోపాటు పలికారు. అచ్చులో ఆవిడ ఒకరి భార్య. కూతురిగా ఉన్నచోట మాత్రం తండ్రి ఆవిడ పేరు రాసి పెట్టాడు. నా పేరు ఎక్కడ రాసి ఉందా అని ఆలోచించాను. మా నాన్న బడిలో వేయించినప్పటి రిజిస్టరు ఒక్కటే గుర్తొచ్చింది.

ఇలాంటి పనికి వెళ్లేవారు ఆడవాళ్ల పుట్టింటి ఊరు, ఇంటిపేరు ముందుగా రాసుకుని వెళ్లండి. వెతకడం అక్కడి నుంచి మొదలుపెడితే ఒక పూట కలిసొస్తుంది.