తిట్టడానికి పెట్టిన పేరు

ఇరవై ఏళ్లుగా ఈ మాట నా గొంతులో ఉంది. మొగుడికి చెప్పలేదు. తోడబుట్టినవాళ్లకు చెప్పలేదు. కనిపించే బరువైతే ఎవరైనా ఓ చేయి వేసేవారేమో. నాది కనిపించేది కాదు. పైగా, ఏ పని చేసి నేను చెడ్డదాన్నయ్యానో ఆ పనికే జనం నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు కిందే ఇన్నాళ్లూ దాక్కున్నాను. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నా బిడ్డకు మా అత్త పేరు పెట్టాను. గంగామణి.

బతికున్న అత్త పేరును కోడలు కోరి పెట్టుకోవడం మా బోధన్‌లో ఎవరూ చూడలేదట. వాడకట్టులో ఆడవాళ్లంతా బీడీ చాటలు పక్కన పెట్టి వచ్చి మరీ పొగిడిపోయారు. ఎందుకు పెట్టానో ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

మాది కోటగిరి దగ్గర పల్లె. నేను ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ పోయింది. ఆమె పేరు సాయవ్వ. పరాయి పొలాల్లో నాట్లు వేసి మమ్మల్ని పెంచింది. ఆడపిల్ల పుడితే సాయిలక్ష్మి అని పెట్టుకుని, సాయీ అని పిలుచుకోవాలని అనుకున్నాను. పుట్టింది ఆడపిల్లే. ఆ ముక్క మా అత్త చెవిన వేశాను. ఆమె బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"కూలికి పోయి, పస్తులుండి సచ్చినామె పేరు. గది నా ఇంట్ల ఇనబడొద్దు. ఆమె నసీబే పోరికి అంటుకుంటది."

అంతే అంది. మళ్లీ ఆకు కత్తిరించుకుంది. అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. నేను ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఏడ్చి ఉంటే అది కళ్లలోంచి పోయేది.

ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేశారు. పేరు చెప్పడానికి నా ఆడబిడ్డ నిజామాబాద్ నుంచి వచ్చింది. ఆమె తొట్టె మీదికి వంగేసరికి నేను అన్నాను, అత్తమ్మ పేరు పెట్టండని. మా అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా మొగుడి ముఖం వెలిగిపోయింది. ఆడబిడ్డ ఒక్కతే నన్ను పక్కకు పిలిచి, పెద్దల పేరుతో పిల్లను తిట్టరాదని, పిలుపు పేరు ఇంకొకటి పెట్టుకోమని చెప్పింది. మంచి పేరును దాచిపెట్టడం ఎందుకని నవ్వేశాను.

అప్పటికే మనసులో ఉందా? తర్వాత తర్వాత వచ్చిన ఆలోచనా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా, అప్పుడు లేదు, తర్వాతే పుట్టింది అని జవాబు చెప్పుకునేదాన్ని. ఇవాళ అబద్ధం రాయను. అప్పటికే ఉంది. పెద్దల పేరుతో తిట్టరాదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

చిత్రం ఏమిటంటే, ఆ రోజు నుంచి మా అత్త మారిపోయింది. పిల్లకు తానే నూనె రాసి స్నానం చేయించేది. నేను బీడీలు చుడుతుంటే పిల్లను చంకనేసుకుని వాడంతా తిప్పేది. "నా పేరు నిలబెట్టింది నా కోడలు" అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేది. అన్నం ముందు నాకే వడ్డించేది. అన్న మాటకు ఆమె లోపల్లోపల సిగ్గుపడిందేమో. నాకు దారి ఇచ్చింది. నేనే ఆ దారిలోకి రాలేదు. ఆమె మంచిగా ఉన్నకొద్దీ నాకు కోపం పెరిగేది. ఇంత మంచితనం మా అమ్మ పేరు అడిగిన రోజున ఎక్కడికి పోయింది?

పిల్లకు రెండేళ్లప్పుడు, పరుగెత్తుకొచ్చి నా చాటలోని తంబాకు నేల పాలు చేసింది. అత్త ఎదురుగా కూర్చుని ఉంది. నేను పిల్లను చూడలేదు. అత్తనే చూస్తూ అరిచాను.

"గంగామణీ! నీ చేతులిరగ! నువ్వెందుకు పుట్టినవే నా పానానికి!"

ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది. నా కళ్లలోకి చూసింది. ఆమెకు అర్థమైంది. ఆమెకు అర్థమైందని నాకూ అర్థమైంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఎలా చెప్పను? వేసవిలో చల్లటి నీళ్లు తాగినట్టుంది. ఆ హాయే నన్ను చెడగొట్టింది.

ఆ తర్వాత అది రోజువారీ పని అయింది. ఆమె రెండోసారి చాయ అడిగితే, "గంగామణీ, ఎంత పోసినా నీ కడుపు నిండదా?" ఆమె పాదాల నొప్పితో మూలిగితే, "గంగామణీ, పని దొంగా, లే." ఇంట్లో మొగుడు ఉన్నా భయం లేదు. తల్లి బిడ్డను తిడుతోంది, అంతే కదా. కానీ తిట్టు నిజమనిపించాలంటే ఒక దెబ్బ కూడా పడాలి. ఆ దెబ్బ పిల్ల వీపు మీద పడేది. దెబ్బ పడ్డప్పుడల్లా ముసలామె చేయి చాచేది, పిల్ల పరుగెత్తి ఆమె ఒళ్లో దూరేది. అది చూసి ఇంకా మండేది నాకు.

పిల్లకు ఏం తెలుసు? అమ్మ తన పేరు పిలిచింది, తనను తిట్టింది, తనను కొట్టింది. ఆ పేరు వెనుక ఇంకో మనిషి ఉందని దానికి ఎలా తెలుస్తుంది?

రెండో తరగతిలో ఉండగా పంతులమ్మ నన్ను బడికి పిలిపించింది. హాజరు తీసుకునేటప్పుడు పేరు పిలిస్తే పిల్ల రెండు చేతులూ తల మీద పెట్టుకుంటోందని, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడిగింది. నోరు తనంతట తానే పలికినట్టు, వాళ్ల నాయనమ్మ కొడుతుందని చెప్పాను. ఇంటికి వచ్చి మొగుడికీ అదే చెప్పాను. బడిలో పరువు పోయిందని ఏడ్చాను కూడా. ఆ ఏడుపు దొంగది.

ఆయన తల్లిని నేరుగా ఏమీ అనలేదు. కొన్నాళ్లు నిజామాబాద్‌లో తన అక్క దగ్గర ఉండమన్నాడు. తాను కొట్టలేదని ఆమె ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదో మరునాడు పొద్దున తెలిసింది. ఆయన ఆటో తేవడానికి వెళ్లాడు. పిల్ల బడికి పోయింది. అత్త తన బట్టల మూట పక్కన పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు తిట్టింది నన్నని నాకెరుకనే. పడ్డ. పడేదాన్నే. గిప్పుడు నేను పోతున్న గద, ఇగ పోరిని ఇడిసిపెట్టు. వేరే పేరు పెట్టుకో దానికి. మీ అవ్వ సాయవ్వ పేరే పెట్టుకో."

నేను బీడీ చుడుతూనే ఉన్నాను.

"గా దినం నేనన్నది తప్పే బిడ్డా. గా మాట నా నోట్లకెళ్లి రావద్దుండె."

బిడ్డా అంది నన్ను. ఆ పిలుపు విని కూడా నేను ఏమన్నానో రాయాలి. అది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

"పేరు మారుస్త తియ్యి," అన్నాను. "నువ్వు సచ్చినంక."

ఆటో వచ్చింది. మూట ఆమే ఎత్తుకుంది.

నిజామాబాద్‌లో ఆర్నెల్లు కూడా ఉండలేదు. ఓ పొద్దున ఆడబిడ్డ ఫోన్ చేసింది. మేము వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె చెల్లెలు వర్ని నుంచి వచ్చి శవం మీద పడి ఏడుస్తోంది. "ఓ గంగామణీ, ఎంత పని జేస్తివే! గంగామణీ, ఎంత పని జేస్తివే!"

నా పక్కన నిలబడ్డ నా బిడ్డ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "నేనేం జెయ్యలే," అంది. "నేనేం జెయ్యలే."

పిల్ల జడుసుకుందని ఎవరో దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకుపోయారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్త కోసం ఏడుస్తున్నాననుకున్నారు.

ఆ తర్వాత దాన్ని నేను కొట్టలేదు. పేరుతో పిలవడమూ మానేశాను. పేరు మార్చానా అంటే, లేదు. మారుస్తానంటే ఎందుకని అడుగుతారు.

ఇప్పుడది డిచ్‌పల్లిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. స్నేహితులు మణి అంటారట. నాతో బాగానే ఉంటుంది. నా తలకు రంగు వేస్తుంది, నా మందులు గుర్తు చేస్తుంది. నేను కొట్టిన దెబ్బలు దాని మనసులో నా పేరు మీద లేవు. నాయనమ్మే కొట్టిందని ఇంట్లో అన్నిసార్లు అన్నాం కదా, అదే దానికి జ్ఞాపకమై కూర్చుంది. ఆమె ఒళ్లో దూరి దాక్కున్నది మాత్రం గుర్తు లేదు.

పోయిన పెత్రమాసకు ఇంటికి వచ్చింది. పెద్దలకు పెట్టుకునే రోజు. ఆయన తన తల్లి ఫోటో ముందు విస్తరి వేసి, వచ్చి దండం పెట్టమని పిలిచాడు. అది గడప దాటలేదు. "నన్ను కొట్టిన మనిషికి నేను మొక్కను బాపూ," అంది. ఆయన తల్లి ఫోటో వంక చూసి తల దించుకున్నాడు. ఆయనా నమ్ముతున్నాడు మరి. నేను వంటింట్లో పెనం ముందు ఉన్నాను. బయటికి వచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాను. తెరిచి, పెనం మీది భక్ష్యం తిప్పేశాను.

దాని చిన్నప్పుడు చేసింది కోపంలో చేశానని అనుకోవచ్చు. ఇది? ఏ కోపమూ లేకుండా చేశాను. చచ్చిన మనిషిని మళ్లీ ఇంట్లోంచి పంపేశాను.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. గంగామణీ, మీ నాయనమ్మ నిన్ను ఒక్కనాడూ కొట్టలేదు. నిన్ను కొట్టింది నేను. ఆమెను కొట్టలేక నిన్ను కొట్టాను. ఆ నింద కూడా ఆమె మీదే వేశాను.

ఇది నీ ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందో లేదో తెలియదు. క్షమించమని అడగను. అడగవలసిన ఇద్దరిలో ఒకరు లేరు, ఇంకొకరికి ఏం జరిగిందో తెలియదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.